నారాయణ మీసం, రూతు ప్రోగ్రాం

ఆళ్లగడ్డ బస్టాండులో దిగి రూతు ఇల్లు ఎక్కడని అడిగితే, ఏ రూతు అని ఎదురు అడుగుతారు. మీసాల రూతు అంటే చాలు, ఆటోవాళ్ల దగ్గర్నుంచి అరటిపళ్ల బండామె దాకా అందరూ ఒక్కసారే చెయ్యెత్తి దారి చూపిస్తారు. ఆ పిల్లకు మీసాలేమీ లేవు. ఎలీషా సారు కూతురు. నూనె పెట్టి బిగించి వేసిన జడ, వీపున లాప్‌టాప్ సంచి, ఎండకు మొహం చిట్లించుకుని నడిచే అలవాటు. కంప్యూటర్లో మీట నొక్కి నల్లరాయిని మీసం దగ్గర పేల్చేసిందని రుద్రవరం వైపు చెప్పుకుంటారు. అది పచ్చి అబద్ధం. రాయి పేలలేదు. పేలినంత పని మాత్రం అయింది.

రూతు నంద్యాలలో చదివి, హైదరాబాదులో ఒక కంపెనీలో చేరి, ఆ కంపెనీ సగం మందిని ఇంటికి పంపేసినప్పుడు ఆ సగంలో పడి వెనక్కి వచ్చింది. వచ్చి ఊరికే కూర్చోలేదు. నంద్యాలలో ఒక మేడ మీద గది తీసుకుని, పొద్దున బస్సెక్కి పోయి సాయంత్రం బస్సెక్కి వచ్చేది. ఆ గదిలో ఏం చేస్తుందో వీధికి తెలియక, వీధికి తెలియని ప్రతి సంగతికీ చెప్పుకునేట్టే తలా ఒక కథ చెప్పుకున్నారు. అసలు సంగతి, శిల్పాలు చెక్కే అంగళ్ల కోసం ఆమె ఒక ప్రోగ్రాం రాస్తోంది.

ఆళ్లగడ్డలో రోడ్డు పొడుగునా రాళ్లు చెక్కే అంగళ్లే. దేవుళ్లు, ఎద్దులు, సింహాలు, చనిపోయిన పెద్దలు, అందరూ దుమ్ము కొట్టుకుని వరసగా నిలబడి ఉంటారు. అందులో శేషయ్య అంగడి పేరున్నది. అతని చేతి ఉలి రాయిలోకి దిగితే లోపలి మనిషి తనే బయటికి నడిచి వస్తాడని అంటారు. చెయ్యి అంత గొప్పదే గానీ జ్ఞాపకం అంత చిన్నది. ఫోన్లో ఒకరు కూర్చున్న విగ్రహం కావాలంటే, ఇంకొకరు నిలబడిన విగ్రహం కావాలంటే, ఇద్దరికీ వంగున్న విగ్రహం చెక్కే రకం. అందుకే మొదట రూతు మాట విన్నది అతనే.

"శేషయ్యన్నా, ఆర్డరు నీ తలకాయలో పెట్టుకోవద్దు. ఈ తెర మీద ఉంటాది. ఇంటోళ్లు వాళ్ల ఫోన్లోనే మార్చుకుంటారు. నువ్వు తెరనే నమ్ము, తెర చూసే చెక్కు."

"నడిమధ్య కరెంటు పోతే?"

అదే రూతు ఎదురు చూస్తున్న ప్రశ్న. ఆమెకు ఆ ప్రోగ్రాంలో అన్నిటికన్నా గర్వం ఆ ఒక్క దాని మీదే. ఒక ఆర్డరు పెట్టాలంటే పేరు, ఎత్తు, మీసం, తలపాగా, ఫోటో, కింద పలక మీద రాత, ఇవన్నీ ఒక్కో చోట రాసుకోవాలి. సగం రాసి ఆగిపోతే, తల ఒకరిది, ఒళ్లు ఇంకొకరిది అవుతుంది. అందుకని మొత్తం రాయడం కుదిరితేనే రాసినట్టు, ఒక్కటి కుదరకపోయినా అన్నీ చెరిపేసి ఏమీ జరగనట్టు. కంప్యూటరువాళ్లు దీన్ని ట్రాన్సాక్షన్ అంటారు. రూతు ఆర్డరు పెడుతూ పెడుతూ మధ్యలో ప్లగ్గు పీకేసింది. ప్లగ్గు మళ్లీ పెట్టి చూస్తే సగం ఆర్డరు లేదు. ఇంకోసారి పూర్తిగా పెట్టింది. పచ్చ టిక్కు పడింది.

"పచ్చ టిక్కు పడిందంటే పడినట్టే అన్నా. సగం పని నా దాంట్లో ఉండదు."

శేషయ్యకు ఆ టిక్కు నచ్చింది. దారి పొడుగునా అంగళ్లవాళ్లంతా మెడలు సాచి చూశారు. శేషయ్యకు పనికొస్తే మాక్కూడా పెట్టు అన్నారు. శేషయ్యకు పనికిరాకపోతే రూతు మళ్లీ సంచి సర్దుకుని హైదరాబాదు పోవాలి. ఆ ముక్క ఆమె ఎవరితోనూ అనలేదు గానీ, వాళ్లమ్మ హన్నమ్మ రోజూ ప్రార్థనలో పేరు పెట్టి మరీ దేవుడికి చెప్పేది. గోడ పక్కనుండే వాళ్లందరికీ అలా తెలిసింది.

సరిగ్గా అప్పుడే వచ్చింది నారాయణ విగ్రహం.

నారాయణ రుద్రవరం పక్క పల్లెలో పేరున్న రైతు. పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం నాడు పొలం గట్టు మీద విగ్రహం నిలబెట్టాలని ఇంట్లో అనుకున్నారు. పెద్ద కొడుకు వెంకటేష్‌కు నంద్యాలలో విత్తనాల అంగడి ఉంది. చిన్న కొడుకు కిరణ్ పల్లెలోనే సేద్యం చూసుకుంటాడు. అన్నదమ్ములకు మాటల్లేవు. ఏదో గట్టు తగాదా అనుకుంటారేమో, కాదు. నాయన పెద్దకర్మకు వేసిన ఫ్లెక్సీలో వెంకటేష్ బొమ్మ గుమ్మడికాయంత, కిరణ్ బొమ్మ నిమ్మకాయంత పడింది. ఫ్లెక్సీ చిరిగి గొడ్ల పాకకు కప్పైపోయినా కోపం మాత్రం చిరగలేదు.

మాట్లాడుకోని అన్నదమ్ములకు రూతు ప్రోగ్రాం దేవుడిచ్చిన వరం. ఎవరి ఫోన్లో వాళ్లు తెరుచుకుని, ఎవరికి నచ్చినట్టు వాళ్లు మార్చుకోవచ్చు. వెంకటేష్ మీసం పైకి మెలితిప్పించాడు, నిమ్మకాయ నిలబడేంతగా. కిరణ్ తలపాగా పెట్టించాడు. వెంకటేష్ తలపాగా తీసి కండువా వేశాడు. రాయి ఇంకా క్వారీ నుంచి లారీ ఎక్కకముందే నారాయణ తెర మీద నాలుగు వేషాలు వేశాడు.

ఇది విని వాళ్లమ్మ పద్మమ్మ బస్సెక్కి నేరుగా శేషయ్య అంగడికి వచ్చింది.

"ఏందప్పా, మా ఆయప్పకు మీసం పైకి పెట్టినారంట?"

"నీ పెద్దకొడుకు పెట్టినాడమ్మా."

"ఆయప్ప మీసం ఎప్పుడన్నా పైకి చూసిందా? సంగటి తింటాంటే పప్పులో మునుగుతాండె. కిందికి దించు. నేనుండంగా దించు."

శేషయ్య ఆమె కళ్లముందే తెర మీద మీసం దించాడు. పచ్చ టిక్కు పడింది. పద్మమ్మ టిక్కును కళ్లకద్దుకున్నంత పని చేసి వెళ్లిపోయింది.

రాయి వచ్చింది. మూడు నాలుగు విగ్రహాల పని ఒక్కసారే నడుస్తున్న అంగడి అది. మొహం పని మొదలుపెట్టే నాటికి శేషయ్య తెర చూశాడు. మీసం పైకి ఉంది. దించినట్టు ఎక్కడో లీలగా గుర్తొచ్చింది. అయితే ఈ ఇంటివాళ్లు గడియకో మాట మారుస్తారు, మళ్లీ పైకి ఎత్తి ఉంటారు, తెరనే నమ్మమంది గదా పిల్ల అనుకున్నాడు. పైకే చెక్కాడు. అది మామూలు మీసం కాదు. రెండు చెంపల మీద రెండు తేళ్లు తోకలెత్తినట్టు వచ్చిందట.

శేషయ్యకు ఒక పద్ధతి ఉంది. మనిషి విగ్రహానికి కళ్లు చివర్లో తెరుస్తాడు. కళ్లు తెరిచే ముందు ఇంటివాళ్లు వచ్చి చూసి సరేనని చెప్పాలి. పద్మమ్మ, కిరణ్ వచ్చారు. కప్పిన గోనెపట్ట తీశారు.

పద్మమ్మ చాలాసేపు చూసి అన్నది, "ఈయప్ప ఎవురో నాకు తెల్దు."

కిరణ్ అక్కడికక్కడే ఊరంతా వినేట్టు అందుకున్నాడు. "చూస్తివా మా, నువ్వు దించి అట్లా పోయినావో లేదో వాడు మళ్లీ లేపినాడు. నీ మాటంటే వానికి చెప్పు కింద దుమ్ము!"

ఆ మాట నంద్యాలకు బస్సు కన్నా ముందే చేరింది. వెంకటేష్ ఫోన్లో బిడ్డల మీద ఒట్టేశాడు, మీసం ముట్టలేదని. ముట్టకపోతే అదే లేచి నిలబడిందా అన్నాడు కిరణ్. పెద్దకొడుకు గడప తొక్కితే తను విగ్రహం దగ్గరికే రానన్నది పద్మమ్మ. శేషయ్య రూతుకు ఫోన్ చేశాడు.

"పాపా, నీ దాంట్లో ఏమన్నా తేడా వచ్చిందా?"

"రాదన్నా. ప్రతి మార్పూ పూర్తిగా పడింది. సగం పడింది ఒక్కటీ ల్యా. చూసినా."

నిజమే. ఎక్కడా తప్పు కనబడలేదు. పద్మమ్మది పడింది, వెంకటేష్‌ది పడింది, రెండిటికీ పచ్చ టిక్కులే. అయినా ఆ సాయంత్రం బస్సులో రూతుకు ఒక మాట ముల్లులా గుచ్చుకుంది. వెంకటేష్ తన బిడ్డల మీద ఒట్టేశాడు. విత్తనాల సంచి మీద అబద్ధం చెబుతాడేమో గానీ బిడ్డల మీద చెప్పడని నంద్యాల మొత్తానికీ తెలుసు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే రూతు హన్నమ్మను ఫోన్ ఇమ్మంది.

"నా ఫోన్ ఏందికే నీకు?"

"నాయనకు విగ్రహం పెడతాండా."

"ఓసి నీ నోట్లో మన్ను పొయ్య! బతికున్న్యోనికి విగ్రహమేందే?"

"ఉత్తదేలే మా. పరీక్షకు." రూతు ఎలీషా పేరు మీద ఉత్తుత్తి ఆర్డరు ఒకటి పెట్టింది. బట్టతల, కళ్లద్దాలు, ఉన్నది ఉన్నట్టు. తన ఫోన్లో ఒకసారి తెరిచి పక్కన పెట్టింది. హన్నమ్మ ఫోన్లో ఇంకోసారి తెరిచింది. "ఇప్పుడు నువ్వు ఏదో ఒకటి మార్చు మా."

హన్నమ్మకు ఇన్నేళ్ల కాపురంలో ఇలాంటి అవకాశం రాలేదు. చెయ్యి తుడుచుకుని, ఏమాత్రం ఆలోచించకుండా మొగుడికి ఒత్తైన క్రాపు పెట్టింది. పచ్చ టిక్కు పడింది. సంబరంగా చూసుకుంటూ ఉంటే, రూతు ఇందాక తెరిచి పెట్టుకున్న తన ఫోన్ తీసి, జుట్టు జోలికి పోకుండా పలక మీద రాత ఒక్కటే మార్చి నొక్కింది. దానికీ పచ్చ టిక్కు పడింది.

"ఇప్పుడు మళ్లీ తెరువు మా."

హన్నమ్మ తెరిచింది. "ఏందే! నేను పెట్టిన జుట్టు పాయె గదే!"

రూతు రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూసింది. సంగతి ఇంత. ఒక ఆర్డరు తాలూకు వివరాలన్నీ కలిసి ఒక్క ముద్దగా ఉంటాయి, ఆబ్జెక్ట్ అంటారు దాన్ని. ఫోన్లో తెరిచినప్పుడు ఆ ముద్దకు ఒక నకలు వస్తుంది. సేవ్ నొక్కితే మార్చిన ముక్క ఒక్కటే పోదు, నకలు మొత్తం పోయి అసలు మీద కూర్చుంటుంది. ఈ మధ్యలో అసలును ఇంకొకరు మార్చి ఉంటే ఆ మార్పు నకలు కింద నలిగిపోతుంది. అరుపూ లేదు, ఎర్ర గుర్తూ లేదు. ప్రతి పనీ పూర్తిగా జరిగిందా అని చూసుకుంది గానీ, ఏ నాటి నకలును తెచ్చి రాస్తున్నారో ఆమె చూడలేదు.

హన్నమ్మకు మొత్తం అర్థం కాలేదు. కావలసినంత అర్థమైంది. "తెలిసింది గదా, గమ్మున సరిచెయ్యి. ఎవురికీ చెప్పాకు. రోడ్డు మీద అంగళ్లోళ్లంతా నీ తట్టే చూస్తాండారు."

"చెప్పకుంటే ఆ వెంకటేషన్న?"

"ఆ అన్నదమ్ములు ఎట్లా మాట్లాడుకునేది ల్యా గదే."

"వాళ్లమ్మ ఇన్నాళ్లు ఆయన్నతో మాట్లాడుతాండె మా."

హన్నమ్మ పొయ్యి దగ్గరికి పోయింది. ఆ రాత్రి ప్రార్థనలో గోడ పక్కవాళ్లకు ఏమీ వినబడలేదు.

మరుసటి రోజు అంగట్లో పంచాయితీ. శేషయ్య ఎలాగో వెంకటేష్‌ను పిలిపించాడు. పద్మమ్మ స్టూలు మీద విగ్రహానికి వీపు పెట్టి కూర్చుంది. కిరణ్ ఒక మూల, వెంకటేష్ ఒక మూల, మధ్యలో కళ్లు తెరవని నారాయణ. చుట్టూ పక్క అంగళ్లవాళ్లు పని ఉన్నట్టు నటిస్తూ నిలబడ్డారు.

"యెంకటేసా, నా మొగము చూసి చెప్పు. మీసం లేపినావా ల్యా?"

"ముట్టల్యా మా."

"తూ! మళ్లీ అదే పాట," అన్నాడు కిరణ్.

అప్పుడే రూతు లోపలికి వచ్చింది. "పెద్దమ్మా, అన్న మీసం ముట్టల్యా. లేపింది నా ప్రోగ్రాము."

పక్క అంగట్లో గ్రైండర్ ఆగిపోయింది. రోడ్డు మీద నంద్యాల బస్సు కూడా హారన్ మానేసి విన్నదని చెబుతారు.

"అన్న పొద్దన్నే తెరిచినాడు. అప్పుడు మీసం పైకుండాది. పైకుండే నాయనే అన్న ఫోన్లోకి వచ్చినాడు. ఆ తెర్వాత నువ్వొచ్చి దింపిచ్చినావు. ఆ సంగతి అన్నకు తెల్దు, ఫోనుకూ తెల్దు. మాపటేళ అన్న ఇంకోటేదో మార్చి నొక్కినాడు. నొక్కితే పొద్దటి నాయన మొత్తం వచ్చి, నువ్వు దింపిన నాయన మీద కూసున్న్యాడు. ఇది పాతది గదా అని నా ప్రోగ్రాము అడగాల. అడిగేట్టు నేను రాయల్యా. తప్పు నాది."

పద్మమ్మ మెల్లగా స్టూలు తిప్పుకుని కొడుకు వైపు చూసింది. వెంకటేష్ గెలిచినవాడిలా ఛాతీ పొంగించాడు. ఆ పొంగిన ఛాతీ మీదే కిరణ్ ఒక రాయి వేశాడు.

"ఆ ఇంకోటేదో ఏందంట?"

వెంకటేష్ ఛాతీ దిగింది. రూతుకు అదేమిటో తెలుసు. అది చెప్పుకోవాల్సింది అతను.

"చెప్పురా," అన్నది పద్మమ్మ.

"కింద పలక మీద పేర్లు మా... నా పేరు ముందర పెట్టినా. పెద్దోన్ని గదా. పక్కన అంగడి పేరు కూడా..."

"నాయన కాళ్ల కింద విత్తనాల అంగడి పేరా!" కిరణ్ తల పట్టుకున్నాడు. "ఫ్లెక్సీ చాల్లేదా నీకు?"

పక్క అంగళ్లవాళ్లలో ఎవరో ఫక్కున నవ్వారు. పద్మమ్మకు కూడా నవ్వొచ్చింది గానీ కొంగు అడ్డం పెట్టుకుంది. "పేరు జరపబోయి నాయన మీసం లేపినావు గదరా, ముదనష్టపోడా! సరే, నన్ను కాదని చెయ్యల్యా గదా. కూసో ఈడ."

ఒక మూల నుంచి వెంకటేష్ వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాడు. ఆ పంచాయితీ అంతటితో అయిపోయింది. శేషయ్యది మాత్రం అప్పుడే మొదలైంది.

"నాకు ఒకటి చెప్పు పాపా. తెరనే నమ్ము అంటివి. పచ్చ టిక్కు అంటివి. నాకు లోపల గుర్తుకొచ్చినా నా బుర్రను కాదని నీ తెరను నమ్మి చెక్కితి. ఇంక దేన్ని నమ్మాల?"

"సరిచేసే వరకు నమ్మాకన్నా. సరిచేసినాక నువ్వే పరీక్ష పెట్టు. నిలబడకుంటే నేనే వచ్చి పీకేసి పోతా. ఈ రోడ్డుకే రాను."

"నీ దాన్ని నువ్వు సరిచేస్తావు. రాయిని ఎవురు సరిచెయ్యాల? రాయికి తీసేదే గానీ పెట్టేది ల్యా. మీసం కిందికి దించాలంటే మూతి పక్కన రాయి ఉండాల గదా. అది చెక్కి పారేసిందే."

అందరూ నారాయణ మూతి వైపు చూశారు. నిజంగానే మీసం దిగడానికి చోటు లేదు. చెంపల మీది తోకలు కోసేయొచ్చు. అప్పుడు ముక్కు కింద చిన్న పొట్టి మీసం మిగులుతుంది, అంతే.

పద్మమ్మ లేచి దగ్గరికి వచ్చి, ఒక తోకను ఒక చేత్తో, ఇంకో తోకను ఇంకో చేత్తో మూసి చూసింది.

"కోసెయ్ అప్పా. ఆయప్ప ఒకపారి బీడీ ముట్టిచ్చుకోబోయి మీసం సగం కాల్చుకున్న్యాడు. ఆ ఏడంతా ఇట్లనే ఉండె. మొగము చూపిచ్చేదానికి సిగ్గుపడి సంతకు పోయేది మానుకున్న్యాడు."

"నాయనా?" అన్నారు అన్నదమ్ములు ఇద్దరూ ఒకేసారి. ఏడాదిలో వాళ్లిద్దరూ కలిసి పలికిన మాట అదొక్కటే.

రూతు నంద్యాల గదిలో కూర్చుని ప్రోగ్రాం విప్పింది. పని పెద్దది కాదు, సిగ్గే పెద్దది. ప్రతి ఆర్డరుకూ ఒక అంకె పెట్టింది. ఎవరు సేవ్ చేసినా ఆ అంకె ఒకటి పెరుగుతుంది. ఫోన్లో తెరిచినప్పుడు ఆ అంకె కూడా వెంట వస్తుంది. తిరిగి నొక్కేటప్పుడు రెండు అంకెలూ కలవాలి. కలవకపోతే మధ్యలో ఎవరో మార్చారన్నమాట. అప్పుడు ఏమీ రాయదు, మొత్తం వెనక్కి తిప్పేస్తుంది. మార్చింది ఎవరో, ఏం మార్చారో చూపించి మళ్లీ చూసుకోమంటుంది. ఇది కంప్యూటరువాళ్లకు కొత్త విద్యేమీ కాదు, ఎప్పటి నుంచో ఉన్నదే. ఆర్డరుకు ఒక్కరే ఉంటారులే అనుకుని ఆమె వదిలేసింది, అంతే. ఒకే నాయనకు ఇద్దరు కొడుకులుంటారన్న సంగతి ఆలోచించలేదు.

అప్పటికే రోడ్డు మీద సగం అంగళ్లవాళ్లు రూతును చూస్తే మీసం తడుముకుని నవ్వడం మొదలుపెట్టారు. ఎదురంగడి మోషే ఒక్కడే నవ్వకుండా, శేషయ్య ఏమంటాడో చూద్దామని కాచుకున్నాడు.

శేషయ్య పరీక్ష పెట్టనే లేదు. అదే వచ్చింది. మీసం తోకలు కోసేయడం అయింది గానీ పలక మీద పేర్ల సంగతి ఇంకా తేలలేదు, అన్నదమ్ములు ఎవరి ఫోన్లో వాళ్లు దాన్ని తెరిచి పెట్టుకునే ఉన్నారు. అది తేలితే కళ్లు తెరిచెయ్యొచ్చు. ఒక రోజు పద్మమ్మ అంగట్లోనే కూర్చుని ఉంది, రూతు కూడా ఉంది. పద్మమ్మ చెప్పింది చెప్పినట్టు శేషయ్య రాతి దుమ్ము వేలితో టకటకా కొట్టి నొక్కాడు. పచ్చ టిక్కు పడింది. కాసేపటికి రూతు ఫోన్ మోగింది. వెంకటేష్.

"పాపా, నీ ప్రోగ్రాము నా మాట తీసుకోల్యా. ఎర్రగా ఏందో చూపిస్తాండాది."

"మీరు తెరిచినాక పెద్దమ్మ మార్చిందన్నా. చూసుకోండి."

అది పెట్టేలోపల కిరణ్. "అక్కా, నేను కొట్టింది పడల్యా."

"పెద్దమ్మ మార్చింది కిరణ్. ఏం మార్చిందో చూడు."

వెంకటేష్ మళ్లీ చేశాడు. ఈసారి గొంతు తగ్గింది. పలక మీద ఇద్దరు కొడుకుల పేర్లూ లేవు. 'నారాయణ. భార్య పద్మమ్మ నిలబెట్టినది.' అంతే ఉంది.

"ఇప్పుడు మళ్లీ మార్చచ్చా పాపా?"

"మార్చచ్చన్నా. తీసుకుంటాది. మీరు తీసేసేది మీయమ్మ పేరని తెలిసి మార్చాల, అంతే."

అవతల అంగట్లో ఎవరో విత్తనాల ధర అడిగారు. వెంకటేష్ వాళ్లకు జవాబు చెబుతూ ఫోన్ పెట్టేశాడు.

శేషయ్య కాసేపు ఆగి తెర మళ్లీ తెరిచాడు. భార్య పద్మమ్మ అలాగే ఉంది. ఇంకా కాసేపు ఆగి మళ్లీ చూశాడు. అలాగే ఉంది. అప్పుడు చిన్న ఉలి తీసుకుని స్టూలు ఎక్కి నారాయణ కళ్ల పని మొదలుపెట్టాడు. పద్మమ్మ కొంగు నడుముకు దోపుకుని ఎదురుగా నిలబడింది. రూతు లాప్‌టాప్ సంచి ఒళ్లో పెట్టుకుని, పీకేసి పొమ్మంటాడా, ఉంచమంటాడా అని ఎదురు చూస్తూ కూర్చుంది.

రెండో కన్ను అయ్యాక శేషయ్య స్టూలు దిగి చేతులు దులుపుకున్నాడు.

"గోస్పాడు నుంచి ఎవురో గేటుకు సింహం అడిగినారు పాపా. నీ దాంట్లోనే ఎక్కిచ్చు. నోరు తెరిచుండాల్నా, మూసుండాల్నా కనుక్కో. మొగుణ్ని ఒకపారి అడుగు, పెండ్లాన్ని ఒకపారి అడుగు."